ఉద్యోగానికి వెళ్తూ తల్లిపాలు కొనసాగించిన అమ్మలు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మా బాబుకి ఐదో నెల. 26 వారాల ప్రసూతి సెలవులో కొన్ని వారాలు కాన్పుకి ముందే వాడాల్సి వచ్చింది, అందుకే వచ్చే నెల మొదట్లోనే ఆఫీసుకి వెళ్లాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దని డాక్టరు గారు చెప్పారు. నాకూ అదే కోరిక.

పగలు వాణ్ణి మా అత్తయ్య చూసుకుంటారు. సీసా పెడితే తల తిప్పేసుకుంటున్నాడు. ఆవిడేమో ఉగ్గుగిన్నెతో పడతానంటున్నారు. సీసా కంటే కడగడం తేలిక, నాకూ అదే నయమనిపిస్తోంది. కానీ ఈ వయసు పిల్లాడు పూటకి సరిపడా పాలు గిన్నెతో తాగుతాడా? పొలమారకుండా ఎలా పట్టాలి?

అసలు టెన్షన్ పాలు నిలవ ఉంచడం గురించే. పిండిన పాలు బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయంటారు. బయట అన్న లెక్క 25 డిగ్రీల లోపు వేడికి. మాది ఖమ్మం, ఇక్కడి ఎండలు తెలుసుగా! ఆఫీసులో ఫ్రిజ్ లేదు. ఐస్ ప్యాకులు పెట్టిన బ్యాగులో సాయంత్రం దాకా ఉంచి తెచ్చుకున్నవాళ్లున్నారా? కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఏం చేశారు?

ఇంకొకటి, ఆఫీసులో తలుపు వేసుకునే చోటంటే బాత్రూమే. అక్కడ మాత్రం పిండను, అది నా బిడ్డ తిండి. విడిగా గది కావాలని మీరు పైవాళ్లని ఎలా అడిగారు? రోజుకి ఎన్నిసార్లు, ఏ వేళల్లో పిండేవారు? పంపు కొనాలా, చేత్తో సరిపోతుందా?