ఏడుకి ఏడు సరే, మరి గొప్పోడెవరు? హెండ్రీనా, రోనీనా?

క్యూబాల్_కూకట్‌పల్లి:
ఆదివారం పార్లర్‌లో మొదలైన గొడవ ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. స్టీఫెన్ హెండ్రీ ఏడుసార్లు స్నూకర్ ప్రపంచ చాంపియన్, రోనీ ఓసల్లివన్ కూడా ఏడుసార్లే. 2022లో రోనీ ఏడోది కొట్టిన రోజే ఈ చర్చ అయిపోయిందని మావాడు అంటాడు. నేను ఒప్పుకోను. హెండ్రీ తన ఏడూ 1990 నుంచి 1999 లోపే గెలిచేశాడు, అందులో 1992 నుంచి 1996 దాకా వరసగా ఐదు. మొదటిది గెలిచేసరికి వయసు 21. ఆ పదేళ్ళూ మిగతావాళ్ళు రెండో స్థానం కోసం కొట్టుకున్నారంతే. పాపం జిమ్మీ వైట్ ఆరు ఫైనల్స్ ఆడితే ఆరూ ఓడాడు, అందులో నాలుగు హెండ్రీ చేతిలోనే.

1992 ఫైనల్ చూడనివాళ్ళు ఒకసారి చూడండి. వైట్ 14-8 ఆధిక్యంలో ఉన్నాడు, కప్పు దాదాపు ఇంటికి వెళ్ళిపోయినట్టే. అక్కడి నుంచి హెండ్రీ వరసగా పది ఫ్రేములు (ఒక్కో రౌండు ఆట ఒక ఫ్రేమ్) గెలిచి 18-14 చేశాడు, ముందు 18 గెలిచినవాడిదే ఫైనల్. 1994 ఇంకా ఘోరం. టోర్నీ మధ్యలో జారిపడి మోచేతి దగ్గర ఎముక చిట్లింది, అదే చేత్తో ఫైనల్ దాకా వచ్చాడు. స్కోరు 17-17. ఆఖరి ఫ్రేమ్‌లో వైట్ వంతు నడుస్తోంది, ముందు స్పాట్ మీద నల్ల బంతి, మనలాంటివాళ్ళం కూడా టేబుల్ డబ్బుల టెన్షన్ లేకపోతే వేసేసే బంతి. తొందరపడ్డాడు, పడలేదు. హెండ్రీ కుర్చీలోంచి లేచి 58 పాయింట్లు కొట్టి టేబుల్ ఖాళీ చేసేశాడు. గొప్పతనం అంటే నాకు అదీ.

ఎడమచేతి_వాటం:
అన్నా, మీరు పదేళ్ళ లెక్క చెప్పారు, నేను ముప్పై ఏళ్ళ లెక్క చెప్తా. రోనీ యూకే చాంపియన్‌షిప్ మొదటిసారి గెలిచింది 1993లో, 17 ఏళ్ళ వయసులో, ఫైనల్లో ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసా? మీ హెండ్రీయే, అదీ ఆయన మంచి ఊపులో ఉన్నప్పుడు, 10-6. అదే టోర్నీ ఎనిమిదోసారి గెలిచింది 2023లో, 47 ఏళ్ళకి. మరుసటి నెల మాస్టర్స్ టోర్నీ కూడా ఎనిమిదోది. ప్రపంచ టైటిల్, యూకే, మాస్టర్స్ మూడూ కలిపితే రోనీకి 23, హెండ్రీకి 18. 2012లో గెలిచాక ఏడాది దాదాపు క్యూ ముట్టుకోకుండా కూర్చుని, 2013లో వచ్చి మళ్ళీ గెలిచి వెళ్ళిపోయాడు. మనం రెండు వారాలు పార్లర్‌కి వెళ్ళకపోతే క్యూ నిలకడగా పట్టుకోలేం!

ఇక 1997లో క్రూసిబుల్‌లో (ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగే హాల్లో) కొట్టిన 147 సంగతి, అంటే ఒకే వంతులో కొట్టగలిగే గరిష్ఠ స్కోరు. 5 నిమిషాల 8 సెకన్లు. అంటే 36 షాట్లు, ఒక్కో షాట్‌కి తొమ్మిది సెకన్లు కూడా పట్టలేదు, నడవడం, చాక్ రాసుకోవడం, రెఫరీ నల్ల బంతిని తీసి మళ్ళీ స్పాట్ మీద పెట్టడం అన్నీ కలిపి. ఆ వీడియోలో రోనీ కంటే నేను రెఫరీని చూస్తా, ఆయన పరుగులాంటి నడక చూడాలి.

పాతచింతకాయ:
జో డేవిస్‌ని ఎవరూ తలుచుకోరేం? 1927 నుంచి 1946 దాకా 15 టైటిళ్ళు, ఒక్కసారీ ఓడలేదు.

క్యూబాల్_కూకట్‌పల్లి:
దండం పెడతా సార్, కానీ 1931లో ఆ టోర్నీకి వచ్చింది ఇద్దరే ఆటగాళ్ళు, ఆడింది ప్రత్యర్థి నడిపే పబ్ వెనక గదిలో. అంతమాత్రాన ఆయన్ని తీసిపారేయడం లేదు, ఆటని నిలబెట్టిందే ఆయన. పోలిక మాత్రం కుదరదు.

వైజాగ్_బ్రౌన్‌బాల్:
మీ ఇద్దరి మధ్య జాన్ హిగిన్స్ నలిగిపోతున్నాడు. 2017లో ఇండియన్ ఓపెన్ మా వైజాగ్‌లోనే జరిగింది (అంతకుముందు ఏడాది హైదరాబాద్‌లో), గెలిచింది హిగిన్సే, ఫైనల్లో ఆంథనీ మెక్‌గిల్ మీద 5-1. నేను వెళ్ళి చూశా. టీవీలో బంతులు పడటమే కనిపిస్తుంది, దగ్గరగా చూస్తే తెల్ల బంతి కనిపిస్తుంది. ఒక ఫ్రేమ్‌లో పాట్ చేయడానికి (బంతిని జేబులో వేయడానికి) ఏమీ లేదు, హిగిన్స్ ఒక ఎర్ర బంతి అంచుని అలా తాకించాడు, తెల్లది మూడు కుషన్లు తగిలి తాపీగా వెనక్కి వచ్చి బ్రౌన్ బంతి వెనక దాక్కుంది. చప్పట్లు కూడా పెద్దగా పడలేదు. అవతలివాడు మాత్రం టేబుల్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పాటింగ్, బ్రేక్ కట్టడం (ఒకే వంతులో వరసగా పాయింట్లు కొట్టడం), సేఫ్టీ (అవతలివాడికి షాట్ దొరక్కుండా ఆడటం) మూడూ సమానంగా ఉన్నవాడు ఎవరంటే నాకు హిగిన్సే. ప్రపంచ టైటిళ్ళు నాలుగే, నిజమే. 2017, 2018, 2019 వరసగా మూడు ఫైనల్స్ ఓడకపోయి ఉంటే ఈ చర్చే వేరేగా ఉండేది.

ఎడమచేతి_వాటం:
"ఓడకపోయి ఉంటే" లెక్కలోకి వస్తే జిమ్మీ వైట్‌కి ఆరు ఇచ్చేయాలి గురూ.

ఊటీ_రూల్స్:
ఆట పుట్టింది 1875లో జబల్‌పూర్ ఆర్మీ మెస్‌లో, రూల్స్ రాసి గోడకి పెట్టింది ఊటీ క్లబ్‌లో. మనం మాత్రం ఇద్దరు బ్రిటిష్‌వాళ్ళ కోసం తన్నుకుంటున్నాం. మన బిలియర్డ్స్, స్నూకర్ చాంపియన్ పంకజ్ అద్వానీ పేరు ఒక్కరు ఎత్తలేదు. ప్రొఫెషనల్ సర్క్యూట్‌లో ఎక్కువ రోజులు లేడు కాబట్టి ఈ లిస్టులో పెట్టమనను, ఊరికే గుర్తుచేస్తున్నా.

క్యూబాల్_కూకట్‌పల్లి:
అద్వానీకి వేరే చర్చ పెడదాం, ఆయనకి అది తగినదే. ఇక రోనీ అభిమానికి ఒక ప్రశ్న. వీళ్ళిద్దరూ క్రూసిబుల్ సెమీస్‌లో 1999లో, 2002లో తలపడితే రెండుసార్లూ హెండ్రీయే, రెండుసార్లూ 17-13 (సెమీస్‌లో 17 ఫ్రేములు చాలు). అప్పటికి ఆయన మంచి రోజులు అయిపోయాయని అందరూ అంటున్న కాలం అది, రోనీ మంచి వయసులో ఉన్నాడు. ఇంకోటి, 2006 యూకేలో హెండ్రీతోనే 4-1 వెనకబడి, ఫ్రేమ్ మధ్యలో చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. 2010లో 147 ముందు బహుమతి ఎంతని అడిగి, లేదంటే ఆఖరి నల్ల బంతి వదిలేయబోయాడు, రెఫరీ బతిమాలితే వేశాడు. హెండ్రీ అలా మ్యాచ్ వదిలేసిన రోజు ఒకటి చూపించండి.

ఎడమచేతి_వాటం:
2004, 2008 సెమీస్ కూడా చెప్పాలి కదా అన్నా! 17-4, 17-6. వయసు సాకు చెప్తారని తెలుసు, మరి 47 ఏళ్ళకి యూకే గెలిచినవాడికి లేని వయసు 35కి హెండ్రీకి ఎలా వచ్చిందో చెప్పండి. మ్యాచ్ వదిలేసి వెళ్ళడం తప్పే, దాన్ని వెనకేసుకురాను. అప్పట్లో నాకూ కోపం వచ్చింది. కానీ మనసు సరిగ్గా లేని రోజులు అన్నేసి ఉండి కూడా ఏడు గెలిచాడంటే నాకు అది ఎక్కువగానే కనిపిస్తుంది.

క్యూబాల్_కూకట్‌పల్లి:
సరే, ఒకే మాట. ఫైనల్, 17-17, మీ ఇల్లు తాకట్టులో ఉంది. క్యూ ఎవరి చేతికిస్తారు?

ఎడమచేతి_వాటం:
రోనీ గెలిచిన ఏడు ఫైనల్స్‌లో ఒక్కటి కూడా 17-17 దాకా రాలేదు. దగ్గరగా వచ్చింది 18-14, అది కూడా మన వైజాగ్ బ్రదర్ హిగిన్స్ మీదే. ఇల్లు తాకట్టు పెట్టే పనే ఉండదు. అయినా ఆఖరి ఫ్రేమే కావాలంటే 2020 సెమీస్ చూడండి, ప్రత్యర్థి మార్క్ సెల్బీ 16-14 ముందున్నాడు, ఇంకొక్క ఫ్రేమ్ చాలు. రోనీ వరసగా మూడు కొట్టేశాడు.

క్యూబాల్_కూకట్‌పల్లి:
ఆ సెల్బీ మ్యాచ్ మర్చిపోయా. వచ్చే ఆదివారం టేబుల్ డబ్బులు నేను కడతాలే, అంతేగానీ ఓటు మాత్రం హెండ్రీకే.

వైజాగ్_బ్రౌన్‌బాల్:
నాది హిగిన్స్‌కే. ఒక్క ఓటే అయినా రాసుకోండి.