దిగకుండా కిటికీలోంచి బోర్డు ఫోటో తీస్తే ఆ స్టేషన్ చూసినట్టేనా?

రేణిగుంట లోకల్:
చూసిన స్టేషన్లు రాసుకునే మన ఉమ్మడి జాబితాలో ఈ నెల ఒక్కసారిగా బోలెడు స్టేషన్లు ఎక్కాయి. చాలావాటికి ఆధారం ఏమిటయ్యా అంటే, ఆగిన బండి కిటికీలోంచి తీసిన పసుపు బోర్డు. సగం ఫోటోల్లో మెమూ (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు బండి) కిటికీ ఊచలు అడ్డంగా ఉన్నాయి. ఒకదాంట్లో బోర్డు కంటే పల్లీలు అమ్మే ఆయన మోచెయ్యి పెద్దగా పడింది.

అందుకే ఒక రూల్ పెట్టుకుందాం అంటున్నాను. ఆ స్టేషన్లో దిగాలి. బండి వెళ్లిపోయాక బయటికి నడిచి, ఊరివైపు నుంచి స్టేషన్ ముఖం ఫోటో తీయాలి. అప్పుడే జాబితాలోకి.

మా రేణిగుంట–అరక్కోణం లైన్లోని వెంకటనరసింహరాజువారిపేట సంగతే చూడండి. దేశంలోకెల్లా పొడవైన పేరున్న స్టేషన్ అని పేరు తెచ్చుకుంది (2019లో చెన్నై సెంట్రల్‌కి ఎంజీఆర్ పేరు పెట్టాక ఆ రికార్డు చేజారిందనుకోండి). మన దగ్గర ఆ స్టేషన్‌వి ఎన్ని ఫోటోలున్నాయో చూడండి, అన్నీ బోర్డే. టికెట్ కిటికీ ఏ వైపు ఉంది, బయట చెట్టుందా, ఆటో నిలబడుతుందా అంటే ఒక్క ఫోటోలోనూ జవాబు లేదు. అది స్టేషన్ చూడటం కాదు, పేరు చదవడం.

కిటికీ సీటు:
మోచెయ్యి ఫోటో నాదే అన్నా, దాచేదేముంది!

సరే, నీ రూల్ ప్రకారమే దిగుతాం. తర్వాతి బండి ఎప్పుడు? 2020లో ఆపేసిన పాసింజర్లలో కొన్ని మళ్లీ రానేలేదు. కొన్ని ఎక్స్‌ప్రెస్ నంబర్లు తగిలించుకుని వచ్చి చిన్న స్టేషన్లు వదిలేశాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తప్ప ఏదీ ఆగని స్టేషన్లు నీకూ తెలుసు. అలాంటిచోట దిగితే ఆ రోజుకి అదొక్కటే. ఆదివారం ఒక్కటే సెలవు దొరికేవాడు ఒక లైను పూర్తి చేసేసరికి రిటైర్ అవుతాడు.

టికెట్ సంగతి ఇంకో తలనొప్పి. మధ్యలో దిగి మళ్లీ ఎక్కే సౌకర్యం 500 కిలోమీటర్లు దాటిన టికెట్‌కే. మనలాంటివాళ్లు దిగిన ప్రతిచోటా కొత్త టికెట్ కొనాల్సిందే. ఆర్డినరీకి పది రూపాయలే, కాదనను. కానీ వచ్చే బండి ఎక్స్‌ప్రెస్ అయితే కనీసం ముప్ఫై. ఇక ప్లాట్‌ఫారం మీద నిలబడి ఫోన్‌లో రైల్వే యాప్‌తో టికెట్ తీద్దామంటే స్టేషన్ ఆవరణలో ఉన్నారంటూ ఒప్పుకోదు. క్యూఆర్ కోడ్ అంటించిన చోటైతే స్కాన్ చేసుకోవచ్చు, లేకపోతే బయటికి నడవాలి. ఈలోగా బండి కూత వేస్తుంది.

బండి ఆగింది, నేను అందులో ఉన్నాను, బోర్డు చూశాను. నాకది చాలు.

లండన్ మెయిల్:
ఈ గొడవ ఇక్కడా ఉంది. 2017లో ఇద్దరు బ్రిటన్‌లోని స్టేషన్లన్నీ, 2,563, వేసవిలో చుట్టేసి వీడియోలు పెట్టారు. వాళ్లు పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఎక్కిన బండి ఆ స్టేషన్లో ఆగితే చాలు, దిగక్కర్లేదు. కిటికీ సీటు గారికి పెద్ద అండ దొరికినట్టే.

నా మట్టుకు నేను దిగే రకం. ఎందుకంటే ఇక్కడ రేంజర్ అని ఒక రోజు టికెట్ ఉంటుంది. దాని పరిధిలో ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు, దిగొచ్చు. టికెట్ గోల లేకపోతే ఎవరైనా దిగుతారు. మన దగ్గర ముంబై లోకల్లో టూరిస్టు టికెట్ అలాంటిదే. మన లైన్లలో దానికి దగ్గరగా వచ్చేది నెలవారీ సీజన్ టికెట్ ఒక్కటే, అదీ 150 కిలోమీటర్ల లోపు.

పాత మాస్టారు:
నేను స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. గుంటూరు–నంద్యాల–గుంతకల్లు లైను మీటర్‌గేజ్‌గా (పట్టాల మధ్య మీటరు వెడల్పు) ఉన్న రోజుల్లో ఉద్యోగంలో చేరాను. మీరు లెక్కల గురించి కొట్టుకుంటున్నారు కానీ, దిగినవాడికి ఏం కనిపిస్తుందో ఎవరూ చెప్పట్లేదు.

మా స్టేషన్లో మాస్టరు గది గుమ్మం పక్కన రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది. బండి వస్తోందని ఇనప కడ్డీతో దాన్ని కొట్టేవాళ్లం. ఊళ్లోవాళ్లు ఆ చప్పుడు విని ఇంట్లోంచి బయల్దేరేవాళ్లు. గదిలో ఎర్రరంగు ఇనప పెట్టెలు, నీల్స్ బాల్ టోకెన్ పరికరాలు ఉండేవి. అవతలి స్టేషన్ మాస్టరు అక్కడ తన పరికరంతో ఒప్పుకుంటేనే ఇక్కడ ఇనప గుండు బయటికి వచ్చేది. దాన్ని తోలు సంచిలో వేసి, సంచికున్న పెద్ద ఉంగరాన్ని పట్టుకుని పైకెత్తి నిలబడితే, డ్రైవరు చెయ్యి చాచి అందుకుని పోయేవాడు. ఆ గుండు చేతికి రాకపోతే సింగిల్ లైన్లో బండి కదలకూడదు. వానలో, చీకట్లో, ఒక చేతిలో లాంతరు పట్టుకుని ఆ ఉంగరం అందించడం ఏమంత తేలిక కాదు, ఎప్పుడూ జబ్బకి ఒక దెబ్బ తగులుతూనే ఉండేది.

ఇవేవీ కిటికీలోంచి కనపడవు. ఈనాటికీ పాత స్టేషన్లలో కంచెకి పాతిన పట్టా ముక్కల్ని దగ్గరికెళ్లి చూడండి. పక్కన ఉబ్బెత్తుగా తయారీ కంపెనీ పేరు, సంవత్సరం ఉంటాయి. తుప్పు గీకి, సాయంత్రం ఏటవాలు ఎండలో తీస్తే ఫోటోలో చక్కగా పడతాయి. మిట్టమధ్యాహ్నం తీస్తే పడవు.

ఇంకొకటి. 1990లలో గేజ్ మార్చినప్పుడు నల్లమలలో లైను కొంతమేర పక్కకి జరిగింది. దొరబావి వంతెన పాత దారితోపాటే ఉండిపోయింది, ఇప్పుడు దాని మీద బండ్లు లేవు. చలమ, దిగువమెట్ట వైపు బ్రాడ్‌గేజ్ బండిలో కూర్చుని ఎన్ని బోర్డులు తీసినా ఆ పాత లైను జాడ మీకు దొరకదు.

దిగమనే నేనూ అంటాను. దిగనివాడిది చెల్లదని మాత్రం అనను.

మెమూ రోజువారీ:
మాస్టారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. రేణిగుంట అన్నగారి రూల్‌కి మాత్రం నేను పూర్తిగా వ్యతిరేకం.

నేను ఒక్కదాన్నే తిరుగుతాను. హాల్టులో దిగితే అక్కడ స్టేషన్ మాస్టరు ఉండడు. టికెట్లు ఇచ్చే ఏజెంటు బండి టైముకి వచ్చి, బండి వెళ్లగానే తాళం వేసుకుని వెళ్లిపోతాడు. తర్వాత నేనూ, కుక్కా, సిమెంటు బెంచీ. మరుగుదొడ్డి ఉండదు, ఉంటే తాళం. తాగే నీళ్లు మనం తెచ్చుకున్నవే. తర్వాతి బండి గంటన్నర లేటని యాప్‌లో చూసి, పొద్దు గూకుతుంటే, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు ముఖద్వారం అందం ఎవరికి కావాలి? బయట ఫోటోకి నడవమంటున్నారు, ఊరు కిలోమీటరున్నర దూరంలో ఉంటుంది.

ఈ రూల్ పెడితే జాబితాలో మిగిలేది తోడు ఉన్నవాళ్లూ, బైకు ఉన్నవాళ్లూ. మోకాళ్ల నొప్పులున్న మా నాన్నగారిని తీసుకెళ్తే ఆయన దిగనే దిగలేరు. చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫారం పట్టాల ఎత్తులోనే ఉంటుంది, మెట్టు మీంచి దూకాలి. ఆయనకి ఆ లైన్లో ప్రతి స్టేషన్ పేరూ వరసగా నోటికి వచ్చు. ఆయన చూడలేదంటారా?

ఊరికే అడిగా:
అసలు స్టేషన్లకి ఫోటోలెందుకు బాబూ? ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు పట్టుకుంటే ఏం చెప్తారు?

రేణిగుంట లోకల్:
@ఊరికే అడిగా: అడుగుతారు, అడగాల్సిందే. ఒక జంక్షన్‌లో నన్ను కూర్చోబెట్టి ఫోన్‌లో ఫోటోలన్నీ వెనక్కి జరిపి జరిపి చూశారు, మా చెల్లెలి పెళ్లి దాకా వెళ్లిపోయారు. టెన్షన్ పడ్డ మాట నిజమే. నా పద్ధతి ఒకటే. చేతిలో టికెట్ ఉంటుంది, ప్లాట్‌ఫారం టికెట్ అయితే రెండు గంటలే చెల్లుతుందని గుర్తుంటుంది. ముందు మాస్టరు గదికి వెళ్లి చెప్తాను. వద్దంటే కెమెరా బ్యాగులో పెట్టేస్తాను. పట్టాల మీదికి దిగను, అది రైల్వే చట్టం 147 సెక్షన్, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఆ మాటకొస్తే తలుపు దగ్గర ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ బోర్డులు తీసేవాళ్లు 156 చూసుకోండి. కిటికీ వాదం వినడానికి బాగుంటుంది కానీ, ఆ వంకతో తలుపు దగ్గరికి చేరేవాళ్లే ఎక్కువ.

@మెమూ రోజువారీ: మీరు చెప్పింది నేను ఆలోచించని కోణం కాదు. కానీ భద్రత లేనిచోట దిగమని నేననలేదు. పగలు, రెండు బండ్ల మధ్య గంట తేడా ఉన్నచోట దిగొచ్చు కదా అంటున్నాను. మీ నాన్నగారు చూశారా అంటే, ఆయన జీవితమంతా చూశారు. ఫోటో జాబితా వేరు.

ఇది నాకు ఎందుకింత పట్టింపు అంటే సికింద్రాబాద్. ముందున్న ఆ తోరణాల ముఖాన్ని 2025 ఫిబ్రవరిలో పడగొట్టారు. అక్కడ జీవితంలో లెక్కలేనన్నిసార్లు బండెక్కినవాళ్లని ఫోటో ఉందా అని అడిగాను. పదో నంబరు ప్లాట్‌ఫారం ఉంది, బోర్డు ఉంది, బండి ముందు సెల్ఫీ ఉంది. ముఖం లేదు. అది పెద్ద స్టేషన్ కాబట్టి ఎవరో ఒకరి దగ్గర దొరుకుతుంది. అమృత్ భారత్ పథకంలో దేశమంతా పదమూడు వందలకి పైగా స్టేషన్లు మారుతున్నాయి. బేగంపేట, వరంగల్, కరీంనగర్, మా వైపు సూళ్లూరుపేట 2025 మేలోనే కొత్త రూపంతో ప్రారంభమయ్యాయి. బాగు చెయ్యొద్దని కాదు, లిఫ్టులు కావాలి, మరుగుదొడ్లు కావాలి. మారకముందు ఎలా ఉండేదో ఎవరో ఒకరు దిగి తీసి ఉంచాలి కదా. కాచిగూడనే తీసుకోండి. 1916 నాటి ఆ గుమ్మటాలు, మీనార్లు అన్నీ రోడ్డు వైపే. బండిలో కూర్చున్నవాడికి అది మామూలు రేకుల ప్లాట్‌ఫారమే.

కిటికీ సీటు:
కాచిగూడ మాట ఒప్పుకుంటాను. కానీ కాచిగూడలో దిగడానికి రూల్ అక్కర్లేదు, అక్కడ ఎటూ అందరూ దిగుతారు. నువ్వు రూల్ పెట్టేది ఎవరూ దిగని చోట్ల కోసం. అక్కడ కిటికీ ఫోటోని కొట్టేస్తే మిగిలేది సున్నా. మోచెయ్యి ఉన్నా ఆ బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు ఎంతో చదవొచ్చు, వెనక పాత భవనం పైకప్పు సగమైనా పడుతుంది. రేపు దాన్ని కూల్చేస్తే ఆ సగమే గతి.

లండన్ మెయిల్:
ఇది మాత్రం గట్టి పాయింటు.

పాత మాస్టారు:
నాయనా, ఒక పని చేయండి. "చూశాను" అనే ఒక్క గడి తీసేసి నాలుగు గడులు పెట్టండి. బోర్డు, ప్లాట్‌ఫారం, టికెట్ కిటికీ, బయటి ముఖం. ఎవరికి ఏది కుదిరితే అది నింపుతారు. ఖాళీ గడి చూస్తే ఆ పక్కకి వెళ్లేవాడు ఎవడో ఒకడు దిగుతాడు. మేము చార్జి అప్పగించేటప్పుడు పుస్తకంలో ఏది ఉంది, ఏది లేదు అని రాసేవాళ్లమే తప్ప, స్టేషన్ చూశావా అని ఎవరూ అడగలేదు.

మెమూ రోజువారీ:
దీనికి నేను రెడీ. బోర్డు గడులన్నీ నాకు వదిలేయండి. ఐదో గడి ఒకటి కలపండి మాస్టారూ: మరుగుదొడ్డి, తాళం ఉందా లేదా. అది నింపితే నాలాంటివాళ్లు నాలుగోది కూడా నింపుతారు.

రేణిగుంట లోకల్:
ఐదు గడులు సరే. కానీ మొత్తం లెక్క చెప్పేటప్పుడు నేను నాలుగో గడినే లెక్కపెడతాను. వచ్చే ఆదివారం పొద్దున మెమూలో రాజువారిపేట వెళ్తున్నా, దిగుతున్నా. తర్వాతి బండికి ఏకాంబరకుప్పం వెనక్కి వచ్చి అక్కడా దిగుతా. ఎవరైనా వస్తారా?

కిటికీ సీటు:
వస్తా. నువ్వు దిగు, నేను అరక్కోణం దాకా పోయి తిరుగు బండిలో వస్తూ కిటికీలోంచి నిన్ను ఫోటో తీస్తా. ప్లాట్‌ఫారం గడిలో వేసుకో.