వివరింపదగునా, విచారింపదగునా?

ఉత్పలమాల:
అమెరికా అధ్యక్షుడి విధానాలు సరైనవేనా అని జనాన్ని అడిగే సర్వేల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. మొదట్లో సుమతీ శతకంలోని ‘వినదగు నెవ్వరు చెప్పిన’ పద్యం పెడదామని కూర్చుంటే రెండో పాదం దగ్గర ఆగిపోయాను. నా నోటికి ‘వేగపడక విచారింపదగున్’ అనే వస్తోంది. చేతిలో ఉన్న ప్రతిలో ‘వివరింపదగున్’ అని ఉంది. విన్నవాడు విచారించాలి గానీ వివరించడమేమిటి? వేరే ప్రతుల్లో పాఠాంతరం ఎవరైనా చూశారా? ఇంకో సందేహం కూడా ఉంది. ఈ మాట పాలించేవాడికి చెప్పిందా, పాలన మీద అభిప్రాయం చెప్పే జనానికి చెప్పిందా? నా వ్యాసం దీని మీదే నిలబడాలి.

శకటరేఫ:
గణాలు వేసి చూడండి. వినినం, తనె వే, గపడక, వివరిం, పదగున్. ‘వివరిం’ రెండు లఘువులు, ఒక గురువు, అంటే సగణం, చక్కగా కూర్చుంది. అక్కడ ‘విచారిం’ పెడితే లఘువు, రెండు గురువులు, ఐదు మాత్రలు. ఇది కందపద్యం, ప్రతి గణానికీ నాలుగే మాత్రలు; ఐదు మాత్రల యగణానికి చోటెక్కడిది? పాఠాంతరం ప్రశ్నే రాదు.

ఉత్పలమాల:
ఛందస్సు ఒప్పుకున్నానండి. అర్థం సంగతేమిటి?

పాతప్రతి:
ఇప్పుడు మనం వివరించడం అంటే ఎదుటివాడికి విడమరచి చెప్పడం. పద్యంలో విన్నవాడు తనలో తాను విడదీసి చూసుకోవడం. సంస్కృతంలో వివరం అంటే రంధ్రం, తెరుచుకున్న చోటు. మూసి ఉన్నదాన్ని తెరిచి చూడమంటున్నాడు కవి. విచారింప కంటే వివరింపే లోతైన మాట అని నా నమ్మకం.

మీ సర్వేలకు ఇంతకంటే సరిపోయే మాట దొరకదు. వాళ్లు చేతికిచ్చేది ఒక్క శాతం అంకె. దాన్ని తెరిచి చూడకపోతే అది చెప్పేది ఒకటి, మనకు వినపడేది ఇంకొకటి. 1961 ఏప్రిల్‌లో క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడి ఘోరంగా విఫలమైంది. బాధ్యత నాదేనని అధ్యక్షుడు కెనడీ ఒప్పుకున్నాడు. ఆ వెంటనే గ్యాలప్ సంస్థ చేసిన సర్వేలో ఆయనకు 83 శాతం ఆమోదం వచ్చింది. దాడి సరైనదని 83 శాతం అన్నారా? ఆపద వేళ దేశాధ్యక్షుడి వెనక నిలబడ్డారు, అంతే. గ్యాలప్ అడిగిన ప్రశ్న కూడా ‘ఆయన అధ్యక్ష బాధ్యతలు నిర్వహిస్తున్న తీరును ఆమోదిస్తారా’ అని. ‘ఫలానా విధానం సరైనదేనా’ అన్నది వేరే ప్రశ్న. పత్రికల్లో మాత్రం రెండూ ఒకే శీర్షిక కింద వచ్చేస్తాయి.

అరసున్న:
అసలు ‘ఆమోదం’ అన్న మాటే అక్కడ అతకదు. ఆమోదం అంటే పరిమళం, సంతోషం. నచ్చడానికి దగ్గర గానీ ఒప్పు అని తేల్చడానికి దగ్గర కాదు. ‘సమ్మతి’ అంటే బాగుండేది.

పాతప్రతి:
అరసున్న గారూ, ఆమోదం అన్నదే సరిగ్గా కుదిరింది. జనం చెప్పేది నచ్చిందా లేదా అనే. ఒప్పా తప్పా అన్నది కాలం తేల్చాలి.

మత్తేభం:
కాలం తేల్చిన ముచ్చట ఒకటి చెబుతాను, అసలు కీలకం ‘వేగపడక’ దగ్గర ఉంది కాబట్టి. 1974 ఆగస్టులో వాటర్‌గేట్ కుంభకోణంలో చిక్కుకున్న అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేశాక ఫోర్డ్ పదవిలోకి వచ్చినప్పుడు ఆమోదం 71 శాతం. సెప్టెంబరు 8న నిక్సన్‌కు క్షమాభిక్ష ప్రకటించాడు. ఆ నెల తిరక్కుండానే అంకె 50కి పడిపోయింది. 1976 ఎన్నికల్లో ఓడిపోయాడు కూడా. అదే క్షమాభిక్షకు 2001లో కెనడీ పేరుమీద ఉన్న సాహస పురస్కారం ఆయనకు ఇచ్చారు. అంతకు ముందు అధ్యక్షుడు ట్రూమన్‌దీ ఇదే వరస. జనరల్ మెకార్థర్‌ను 1951లో తొలగించాడు, కొరియా యుద్ధం తెమలడం లేదు, 1952 ఫిబ్రవరికి 22 శాతానికి దిగిపోయాడు. తర్వాతి చరిత్రకారులు ఆయన్ని మంచి అధ్యక్షుల వరసలో కూర్చోబెట్టారు. విన్న వెంటనే జనం చెప్పింది ఒకటి, పాతికేళ్ల తర్వాత విడదీసి చూస్తే తేలింది ఇంకొకటి. కాబట్టి పద్యం జనానికే చెప్పింది, సందేహం లేదు.

శకటరేఫ:
మత్తేభం గారూ, సందేహం చాలా ఉంది. సుమతీ శతకం బద్దెనది అంటారు. కర్తృత్వం మీద తగవులున్న మాట నిజమే. కానీ బద్దెనదే అనుకుంటే ఆయన భూపాలుడు, రాజనీతి మీద నీతిశాస్త్ర ముక్తావళి రాసినవాడు. అలాంటివాడు ‘ఎవ్వరు చెప్పినా వినదగు’ అంటే అది సింహాసనం మీద ఉన్నవాడి చెవికే. నచ్చినవాళ్ల మాటే వినకు, ఎవ్వరు చెప్పినా విను అని.

ఆ ‘ఎవ్వరు’లో వకార ద్విత్వం ఊరికే రాలేదు. 1936 అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి చీటీలు పంపింది, దాదాపు 24 లక్షలు తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పేర్లు టెలిఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాల నుంచి తీశారు, జవాబు కూడా పట్టుదల ఉన్నవాళ్లే పంపారు. 24 లక్షల మంది చెప్పింది విన్నా ‘ఎవ్వరు’ అన్నదానికి సరిపోలేదన్నమాట. చాలా తక్కువ మందిని అడిగిన గ్యాలప్ ఫలితం సరిగ్గా చెప్పాడు, ఎందుకంటే అన్ని వర్గాల వాళ్లనీ కలుపుకున్నాడు.

అరసున్న:
మూడో పాదం ‘కని కల్ల నిజము దెలిసిన’లో ‘కని’ గురించి ఎవరూ మాట్లాడలేదు. ప్రాస కోసం వేశాడని కొందరంటారు. నేను ఒప్పుకోను. మొదటి పాదంలో వినడం, మూడో పాదంలో కనడం. విన్నది కంటితో చూసుకున్నాకే కల్ల, నిజం తెలుస్తాయి. ఆమోదం సర్వేలో విన్న మాటల శాతం ఉంటుంది గానీ కన్నవాళ్ల శాతం ఉండదు.

తిక్కనాభిమాని:
మీరంతా ఆమోదించేవాళ్లు, వ్యతిరేకించేవాళ్లు అంటున్నారు. ‘చెప్పలేను’ అనేవాళ్ల సంగతో? వాళ్ల దగ్గరికి వస్తే శతకం చాలదు, తిక్కన కావాలి. ఉద్యోగపర్వంలో రాయబారానికి వెళ్లిన కృష్ణుడు ‘సారపు ధర్మమున్ విమల సత్యము’ అని ఎత్తుకుని, సభలో కూర్చున్న పెద్దలందరి మొహం మీదే ‘దక్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’ అంటాడు. ఆ ‘దక్షులు’ అన్న మాట చూడండి. తెలియనివాణ్ని ఏమీ అనలేదు. ఆపగల శక్తి ఉండి ఊరుకున్నవాళ్లనే అన్నాడు. విధానం తప్పని తెలిసి, చెప్పే స్వేచ్ఛ ఉండి, ‘అభిప్రాయం లేదు’ అన్న గడిలో కూర్చునేవాడికి ఈ పద్యం. ఒక్క మాటలో అంత బరువు పెట్టడం ఆ మహానుభావుడికే చెల్లింది. ఎన్నిసార్లు చదివినా ఆ పాదం దగ్గర నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మత్తేభం:
‘చెప్పలేను’ అన్నవాళ్లలో నిజంగానే తేల్చుకోలేనివాళ్లు ఉంటారు. వేగపడనివాళ్లు వాళ్లే. వాళ్లని ఉపేక్షలో కలపకండి.

తిక్కనాభిమాని:
కలపలేదండీ. దక్షులు అన్నది అందుకే.

పాతప్రతి:
శకటరేఫ గారి రాజు వాదానికి బలం ‘ఎవ్వరు’లో కాదు, నాలుగో పాదం ‘మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ’లోని ‘నీతిపరుడు’లో ఉంది. నీతి అంటే ఇప్పుడు మనకు నిజాయితీ. పాతకాలంలో నడిపే పద్ధతి. రాజనీతి, దండనీతి అన్నచోట అదే అర్థం. హిందీలో విదేశాంగ విధానాన్ని ఇప్పటికీ విదేశ్ నీతి అంటారు. అంటే ఉత్పలమాల గారు ‘విధానాలు’ అని రాసినచోట పద్యంలో ‘నీతి’ ఉన్నట్టే. కల్ల నిజం కని తెలిసినవాడే విధానం ఎరిగినవాడు అని చదవండి.

ఉత్పలమాల:
ఇది నాకు బాగా పనికొస్తుంది. అయితే పాలకుడికే చెప్పినట్టా?

అరసున్న:
కాదు. కవి ‘మనుజుడె పో’ అన్నాడు, రాజు అనలేదు.

శకటరేఫ:
అది ప్రాస, యతి తెచ్చిన మాట. రెండో అక్షరం నకారం కావాలి, ‘మహిలో’తో మైత్రి కుదరాలి. మనుజుడు వచ్చాడు.

అరసున్న:
రాజే కావాలనుకుంటే ‘జనపతి పో నీతిపరుడు జగతిన్ సుమతీ’ అనడానికి అడ్డేముంది? ప్రాస ఉంది, యతి ఉంది, గణాలు మీరే వేసి చూడండి. అంత సులువుగా వచ్చేదాన్ని వదిలి మనుజుడు అన్నాడంటే కావాలనే అన్నాడు. సర్వేకి జవాబు చెప్పేవాడూ మనుజుడే, ఆ అంకె చూసి విధానం మార్చుకునే అధ్యక్షుడూ మనుజుడే.

శకటరేఫ:
గణాలు కుదిరాయి, కాదనను. కానీ మీ పాదంలో ఏవకారం పోయింది. ‘మనుజుడె’లో ఆ ‘ఎ’ లేకపోతే ‘వాడే, ఇంకొకడు కాడు’ అన్న బిగువు రాదు. ‘జనపతియె’ అంటే ఐదు లఘువులు, గణం చెడుతుంది. కవి జనపతిని వదిలింది అందుకేనేమో.

అరసున్న:
నిశ్చయార్థంలో ‘పో’ ఉండగా ఏవకారం లేని లోటు ఏముందండీ?

తిక్కనాభిమాని:
‘పో’ బలం వేరు, ‘ఎ’ బలం వేరు. తిక్కన రెంటినీ ఎక్కడెక్కడ ఎలా వాడాడో రాత్రికి పర్వాల వారీగా తీసి పెడతాను.