వేగంలో కాన్వాస్ టాప్ ముందు అంచు నుంచి నీళ్లు, ఎలా ఆపాలి?

మాది హనుమకొండ. పైన కాన్వాస్ టాప్ ఉన్న పాత రెండు తలుపుల జీపు వాడుతున్నాను. వానలో 60 దాటితే ముందు అద్దం పైఅంచు నుంచి నీళ్లు కారి నా మోకాలి మీద పడుతున్నాయి. ఆపి ఉంచితే చుక్క కూడా రాదు, పైపుతో నీళ్లు కొట్టి చూసినా అంతే. వేగం పెరిగే కొద్దీ టాప్ పైన గాలి ఒత్తిడి తగ్గి బట్ట పైకి ఉబ్బుతుంది కదా, అప్పుడే అక్కడ సందు తెరుచుకుంటోందని నా అనుమానం.

రబ్బరు బీడింగ్ మార్పించాను. సిలికాన్ పెట్టిస్తే ఎండకు ఊడొచ్చింది. కొక్కేలు బిగించాక కొంత తగ్గింది కానీ ములుగు రోడ్డెక్కితే మళ్లీ అదే కథ. ఇనుప టాప్ వేయిద్దామంటే, ఆర్‌సీలోని వివరాలు తయారీ కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ టెన్షన్ నాకొద్దు.

కొత్త కాన్వాస్ టాప్ అడిగితే స్టాక్ లేదన్నారు. "రెండు తలుపుల బండ్లు ఇప్పుడెవరు కొంటున్నారు సార్" అని నన్నే అడిగారు! అదీ నిజమే. జిప్సీ 2019లో ఆగిపోయింది, జిమ్నీ మన దగ్గర ఐదు తలుపులతోనే వచ్చింది, 2024లో థార్ రాక్స్ కూడా అంతే. ముందు సీటు మడిచి వెనక్కి ఎక్కమంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు మరి.

ఇక బయట కుట్టించడమే మిగిలింది. వరంగల్, కరీంనగర్ వైపు అలా కుట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వేగంలో ముందు అంచు లేవకుండా దాన్ని దేనితో పట్టించారో చెప్పగలరా?