బాత్రూమ్ టైల్స్ కదులుతున్నాయి, బిల్డర్ బ్యాలెన్స్ అడుగుతున్నాడు. ఏం చేయాలి?

ప్రశ్న (రీడింగ్ ఊరి నుంచి):

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌కి కొత్త. ఈమధ్యే ఒక పాత ఇల్లు కొనుక్కుని బాత్రూమ్ మొత్తం మార్పించాం. బిల్డర్‌తో 5,800 పౌండ్లకు మాట్లాడుకున్నాం. అడ్వాన్స్ 1,500 క్రెడిట్ కార్డు మీద కట్టాం, తర్వాత 2,500 బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేశాం. 1,800 ఇంకా ఇవ్వాలి. షవర్ దగ్గర టైల్స్ తట్టి చూస్తే డొల్లగా మోగుతున్నాయి, రెండు కదులుతున్నాయి. కింద హాల్ సీలింగ్ మీద తడి మరక కూడా వచ్చింది. అతనేమో "అదే సెటిలవుతుంది, ముందు బ్యాలెన్స్ వేయండి" అని మెసేజ్ పెట్టి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంకొకళ్లని పిలిచి అంతా పీకించేద్దాం అంటున్నారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు (మిల్టన్ కీన్స్ నుంచి):

ముందు మీవారిని ఆపండి. టైల్స్ పీకిస్తే మీ సాక్ష్యం కూడా వాటితో పాటే చెత్త వేసే స్కిప్‌లోకి పోతుంది. ఆ షవర్ మాత్రం ఈ రోజు నుంచే వాడకండి. లీకు తెలిసి కూడా వాడి సీలింగ్ కూలితే, ఆ నష్టం అతని మీద వేయడం కష్టం. ఫోటోలు, వీడియోలు తీసి పెట్టుకోండి. టైల్ తడుతుంటే వచ్చే చప్పుడు కూడా రికార్డు చేయండి.

ఇక్కడ 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. దాని ప్రకారం పనివాడు తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో పని చేయాలి. చేయకపోతే సరైన గడువులో, తన ఖర్చుతో, మిమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టకుండా అతనే మళ్లీ చేసివ్వాలి. అది కుదరకపోయినా, అతను చేయకపోయినా మీరు ధర తగ్గించమనవచ్చు. పని మరీ అధ్వాన్నంగా ఉంటే ఆ తగ్గింపు మొత్తం డబ్బు దాకా వెళ్లొచ్చు. మన ఊళ్లో అయితే మేస్త్రీని నాలుగు మాటలని, మిగతా డబ్బు ఎగ్గొట్టి, ఇంకొకడిని పెట్టుకుంటాం. ఇక్కడ అలా చేసి కోర్టు దాకా వెళ్తే "సరిచేసే అవకాశం అతనికి ఇచ్చారా?" అనే ప్రశ్న తప్పదు. ఇచ్చామని చూపించే కాగితమే మీకు బలం.

కాబట్టి ఉత్తరం రాయండి. ఈమెయిల్ పంపండి, అదే ప్రింట్ తీసి పోస్టులో కూడా వేయండి. పోస్టాఫీసులో ప్రూఫ్ ఆఫ్ పోస్టింగ్ (పోస్టు చేసినట్టు రసీదు) అడిగితే ఉచితంగా ఇస్తారు. ఏ తేదీన ఏం ఒప్పుకున్నారు, ఎక్కడెక్కడ లోపం ఉంది, ఏం సరిచేయాలి, ఎన్ని రోజుల్లో చేయాలి అన్నది రాస్తే చాలు. గడువు సాధారణంగా 14 రోజులు ఇస్తారు. "మోసగాడు", "దొంగ" లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. రేపు ఆ ఉత్తరం చదివే మూడో మనిషికి మీరు నిదానస్తులుగా కనబడాలి. వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. "ముందు బ్యాలెన్స్ వేయండి" అన్న ఆ మెసేజ్ మీకు బాగా పనికొస్తుంది.

ఆ 1,800 ఇప్పుడే వేయకండి. అయితే ఊరికే ఆపేయకుండా, ఎందుకు ఆపుతున్నారో ఉత్తరంలో రాయండి. రిపేరు ఖర్చుకు తగ్గట్టు ఆపడం న్యాయం. 300 పౌండ్ల పనికి 1,800 ఆపితే అతనే మీ మీద క్లెయిమ్ వేయొచ్చు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే ఇది చిన్న రిపేరులా లేదు. డొల్ల చప్పుడంటే టైల్ వెనక జిగురు మొత్తం పట్టించకుండా చుక్కలు చుక్కలుగా పెట్టి ఉంటాడు. తడి తగిలే చోట్ల అలా చేయకూడదని టైలింగ్ ప్రమాణం బీఎస్ 5385లోనే ఉంది. వెనక నీళ్లు దిగకుండా ట్యాంకింగ్ (వాటర్‌ప్రూఫ్ పూత) చేశాడో లేదో కూడా చూడాలి. మీకు తెలిసినవాళ్లు కాని ఇంకో టైల్స్ పనివాడిని పిలిచి, డబ్బులిచ్చి అయినా రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. వట్టి కొటేషన్ సరిపోదు. ఏది తప్పు, ఎందుకు తప్పు అన్నది అందులో ఉండాలి.

ఇక మీ అదృష్టం ఆ క్రెడిట్ కార్డు అడ్వాన్స్. 1974 కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్‌లో సెక్షన్ 75 ప్రకారం, పని ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే బిల్డర్‌తో సమానంగా కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది. కార్డు మీద కట్టింది కొంతే అయినా మొత్తం కాంట్రాక్టుకు అది వర్తిస్తుంది. డబ్బు నేరుగా బిల్డర్‌కే వెళ్లి ఉండాలి, మధ్యలో ఇంకో కంపెనీ ఉంటే పేచీ పెడతారు. ఉత్తరం కాపీ, రిపోర్టు జతచేసి బ్యాంకుకు క్లెయిమ్ పెట్టండి. కాదంటే కంప్లెయింట్ ఇవ్వండి. ఎనిమిది వారాల్లో తేల్చకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ ఓంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఫీజు ఏమీ ఉండదు.

జవాబు (లెస్టర్ నుంచి):

పైన చెప్పినవన్నీ సరైనవే, కానీ అమ్మా, కోర్టు గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకు. ఇంగ్లండ్, వేల్స్‌లో 10,000 పౌండ్ల దాకా స్మాల్ క్లెయిమ్ (చిన్న మొత్తాల కేసు) కింద లాయరు లేకుండా ఆన్‌లైన్‌లోనే వేసుకోవచ్చు. 1,500 నుంచి 3,000 మధ్య క్లెయిమ్‌కి ఫీజు 115 పౌండ్లు, గెలిస్తే అది కూడా అతనే కట్టాలి. 2024 మే నుంచి హియరింగ్‌కి ముందు ఫోన్‌లో ఒక గంట మీడియేషన్ (మధ్యవర్తితో రాజీ ప్రయత్నం) తప్పనిసరి చేశారు, అది ఉచితం. చాలామందికి అక్కడే తెగిపోతే మేలు. ఎందుకంటే తీర్పు రావడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. కట్టకపోతే అతని పేరు మీద సీసీజే (బాకీ కట్టాలన్న కోర్టు తీర్పు) రికార్డులో ఆరేళ్లు ఉంటుంది కానీ, వసూలు కోసం మళ్లీ మీరే తిరగాలి.

ఇంకో మాట. ఆ పనిలో కరెంటు వైరింగ్ ముట్టుకున్నాడా? బాత్రూమ్‌లో కొత్త సర్క్యూట్ లాంటి పనికి బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ ఉండాలి. అది ఇవ్వలేదంటే ఉత్తరంలో ఆ మాట కూడా రాయి. పనంతా తేలేదాకా గూగుల్‌లో తిట్లతో రివ్యూ పెట్టకు, రాజీకి వచ్చేవాడు కూడా మొండికేస్తాడు.

జవాబు (గ్లాస్గో నుంచి):

స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే: ఇక్కడ స్మాల్ క్లెయిమ్‌ లాంటిదాన్ని సింపుల్ ప్రొసీజర్ అంటారు, పరిమితి 5,000 పౌండ్లే. సెక్షన్ 75 మాత్రం ఇక్కడా అంతే.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా థ్యాంక్స్. షవర్ ఆపేశాం, రేపు ఉత్తరం పంపుతున్నాం. ఒక్క డౌటు. ఇన్వాయిస్ మీద షాపు పేరులాంటిదే ఉంది, లిమిటెడ్ అని లేదు, మనిషి పేరు లేదు. ఉత్తరం ఎవరి పేరు మీద రాయాలి?

జవాబు (మిల్టన్ కీన్స్ నుంచి):

ముందు కంపెనీల రిజిస్టర్ ఉండే కంపెనీస్ హౌస్ సైట్‌లో ఆ పేరు వెతకండి, ఉచితమే. లేకపోతే అతను సోల్ ట్రేడర్ (కంపెనీ పెట్టకుండా సొంతంగా వ్యాపారం చేసేవాడు) అయి ఉంటాడు. వ్యాపారం పేరు వేరే అయినా ఇన్వాయిస్ మీద సొంత పేరు, చిరునామా వేయాలని చట్టంలో ఉంది, కాబట్టి ధైర్యంగా అడగండి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసినప్పుడు అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో కూడా చూడండి. ఉత్తరంలో ముందు మనిషి పేరు, దాని పక్కన "ట్రేడింగ్ యాజ్" అని షాపు పేరు రాయండి. రేపు క్లెయిమ్ వేయాల్సి వచ్చినా అలాగే నింపాలి.