ఉద్యోగం మాని కాంట్రాక్టుకి మారాను, నెలకి పదిహేను వేలు కోస్తున్నారు: నా పన్ను అంతేనా?

ప్రశ్న (బెంగళూరు మారతహళ్లి నుంచి)

అందరికీ నమస్కారం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. 2025 మే ఆఖరున ఉద్యోగం వదిలేశాను, అప్పటిదాకా నెలకి లక్ష జీతం. జూన్ నుంచి వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీకి కాంట్రాక్టు మీద చేస్తున్నాను. నెలకి లక్షన్నరకి బిల్లు పెడితే లక్షా ముప్పై ఐదు వేలు చేతికొస్తోంది. మిగతాది టీడీఎస్ అంటున్నారు. పీఎఫ్ లేదు, పే స్లిప్ లేదు, ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకి ఇచ్చే సర్టిఫికెట్) కూడా ఇవ్వరట.

ఆ పది శాతంతో నా పన్ను అయిపోయినట్టేనా? రూమ్మేటేమో "సగమే ఆదాయంగా చూపించు, పన్నే ఉండదు" అంటాడు. వినడానికి బాగానే ఉంది కానీ రేపు నోటీసొస్తే వాడు రాడు కదా. జీఎస్టీ నంబరు ఉంటేనే వెండర్ కోడ్ (కంపెనీ లెక్కల్లో నాకిచ్చిన నంబరు) రెన్యువల్ చేస్తామని కంపెనీవాళ్లు మెలిక పెట్టారు. మార్చి 15 లోపల ఏదో కట్టకపోతే వడ్డీ పడుతుందని ఇంకొకరు భయపెట్టారు. మా నాన్న ఊళ్లో మేస్త్రీ. "నలభై ఏళ్లు కాంట్రాక్టు పన్లు చేశాను, నీది కాంట్రాక్టేంట్రా" అని నవ్వుతున్నాడు.

జవాబు (జయనగర్ నుంచి, పన్నెండేళ్లుగా సొంతంగా చేసుకుంటున్నాను)

తమ్ముడూ, టీడీఎస్ అంటే నీ పన్ను కాదు, పన్నుకి బయానా. కంపెనీ నీ పాన్ మీద ముందే జమ చేసిన డబ్బు. ఏడాది అయ్యాక అసలు పన్ను ఎంతో తేల్చేది నువ్వు వేసే రిటర్నే. ఎక్కువ కోసుంటే వెనక్కొస్తుంది, తక్కువైతే జేబులోంచి కట్టాలి. వృత్తి సేవలకి 194జె సెక్షన్ కింద పది శాతం కోస్తారు. ఒకే కంపెనీ నుంచి ఏడాదికి 50,000 దాటితే ఇది మొదలవుతుంది. 2025 ఏప్రిల్‌కి ముందు ఆ హద్దు 30,000.

మీ రూమ్మేట్ చెప్పేది ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్. అది ఉత్తమాట కాదు. 2016 బడ్జెట్‌లో వచ్చింది. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, టెక్నికల్ కన్సల్టెంట్లు లాంటివాళ్లు లెక్కల పుస్తకాలు పెట్టుకోకుండా, వచ్చిన మొత్తంలో సగం లాభంగా చూపించి పన్ను కట్టొచ్చు. ఐటీ వృత్తి కూడా ఆ జాబితాలో ఉంది. ఏడాది రాబడి 50 లక్షలు దాటకూడదు. నగదు రూపంలో వచ్చింది 5 శాతం లోపే అయితే 75 లక్షల దాకా వర్తిస్తుంది. నీకు అంతా బ్యాంకులోనే పడుతోంది కాబట్టి ఆ బాధ లేదు.

నీ లెక్క వేసి చూపిస్తా. జూన్ నుంచి మార్చి దాకా పది నెలలు, 15 లక్షలు. అందులో సగం 7,50,000. ఏప్రిల్, మే జీతం 2 లక్షలు, దానిలోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 1,25,000. (ఈ డిడక్షన్ జీతానికే, కాంట్రాక్టు డబ్బుకి రాదు.) రెండూ కలిపితే 8,75,000. కొత్త విధానంలో 2025-26కి 12 లక్షల దాకా 87ఏ రిబేటుతో (పన్ను మాఫీతో) పన్ను సున్నా. అంటే నీకు కోసిన లక్షన్నర మొత్తం రిఫండ్ రావాలి. షేర్లు అమ్మిన లాభాలుంటే మాత్రం వాటికి ఆ రిబేటు వర్తించదు, అవి విడిగా చూసుకో.

ఇదే నెలకి లక్షన్నర చొప్పున 18 లక్షలు జీతంగా వస్తే ఏడాదికి 1,50,800 పన్ను. కాంట్రాక్టుగా వస్తే సున్నా. బెంగళూరులో సగంమంది కుర్రాళ్లు ఎందుకిటు దూకుతున్నారో ఇక్కడే తెలిసిపోతుంది. కానీ పీఎఫ్‌లో కంపెనీ వాటా, గ్రాట్యుటీ, ఇంట్లోవాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్, జీతంతో కూడిన సెలవులు అన్నీ పోయాయి కదా. నెల రేటు మాట్లాడుకునేటప్పుడు అవి వెల కట్టుకున్నావా? నేను మొదటి రెండేళ్లూ కట్టుకోలేదు. మూడో ఏడు అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక కట్టుకున్నాను.

జవాబు (మల్లేశ్వరం నుంచి, సీఏ ఆఫీసులో పనిచేస్తాను)

జయనగర్ అన్న లెక్క సరిగ్గా ఉంది. రెండు మాటలు కలుపుతాను.

మొదటిది. సగం అనేది కనీసం. చట్టంలో ఉన్నది "50 శాతం, లేదా అంతకన్నా ఎక్కువ సంపాదించానని మీరే చెప్పుకుంటే ఆ మొత్తం" అని. అసలు ఖర్చు పదివేలే అయినా సగం చూపించొచ్చా అని మా ఆఫీసులోనే ఏటా వాదన నడుస్తుంది. చట్టం ఇచ్చిన దారిలో నడవడం తప్పు కాదనేది నా అభిప్రాయం. కానీ రిటర్నులో ఏడున్నర లక్షల లాభం చూపించి, అదే ఏడాది పన్నెండు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఆ డబ్బు ఎక్కడిదని అడుగుతారు. బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచండి. సగం కన్నా తక్కువ లాభం చూపించాలంటే మాత్రం పుస్తకాలు రాయాలి, ఆదాయం మినహాయింపు పరిమితి దాటితే ఆడిట్ కూడా. అది చిన్న ఖర్చు కాదు.

రెండోది దీనికన్నా పెద్దది. మీ ఒప్పందంలో ఏముంది? వేలిముద్ర వేసి లోపలికెళ్తున్నారా? సెలవు అడిగి తీసుకుంటున్నారా? ల్యాప్‌టాప్ ఎవరిది?

మళ్లీ అడిగినవారు (మారతహళ్లి)

అక్కా, బయోమెట్రిక్ ఉంది. ల్యాప్‌టాప్ వాళ్లదే. సెలవు కావాలంటే మేనేజర్‌కి మెయిల్ పెట్టాలి. వేరే చోట పని చెయ్యకూడదని కూడా రాసుంది. ఇదంతా పన్నుకెందుకు?

జవాబు (మల్లేశ్వరం)

అందుకే అడిగాను. పేరు కాంట్రాక్టు అయినా నడిచే తీరు ఉద్యోగమే అయితే, వచ్చే డబ్బుని జీతంగా చూడొచ్చు. కాగితం మీద పేరు కన్నా పని ఎవరి అదుపులో, ఎవరి సామానుతో, ఎవరి వేళల్లో జరుగుతోందో చూడటం కోర్టుల్లో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. జీతం అని తేలితే 44ఏడీఏ పోయింది, సగం పోయింది, మొత్తం మీద పన్ను, దానిమీద వడ్డీ. కంపెనీకి పీఎఫ్ తలనొప్పి వేరే.

ప్రతి కాంట్రాక్టరుకీ నోటీసొస్తుందని భయపెట్టడం లేదు. మీది మాత్రం గీత మీద ఉంది. రెన్యువల్ వస్తోందంటున్నారు కాబట్టి మాట్లాడుకునే అదును ఇదే. ఏ పని, ఏ గడువు, ఎంత డబ్బు అని రాయించుకోండి. వేరే క్లయింట్లకి చెయ్యకూడదన్న షరతు తీయించండి. సొంత ల్యాప్‌టాప్ వాడండి. కాగితం ఒక్కటే మార్చి పాత పద్ధతిలోనే నడిస్తే లాభం లేదు, నడక కూడా మారాలి.

జవాబు (జయనగర్)

జీఎస్టీ సంగతి నేను చెప్తా. సేవలకి హద్దు ఏడాదికి 20 లక్షలు. ఈ ఏడు నీది 15, వచ్చే ఏడు ఇదే రేటైతే 18. తప్పనిసరి కాదు. క్లయింటు వేరే రాష్ట్రంలో ఉన్నా సేవలకి అదే హద్దు. నీ జీతం ఆ 20లో కలవదు. కానీ ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చి ఉంటే ఆ అద్దె కలుస్తుంది, దానిమీద జీఎస్టీ లేకపోయినా సరే. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు.

కంపెనీ పట్టుబడితే స్వచ్ఛందంగా తీసుకోవచ్చు. అప్పుడు లక్షన్నర మీద 18 శాతం, అంటే 27,000 కలిపి బిల్లు వెయ్యాలి. వాళ్లు కట్టే జీఎస్టీలోంచి అది క్రెడిట్‌గా తగ్గుతుంది కాబట్టి నొప్పి ఉండదు. బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే టీడీఎస్ లక్షన్నర మీదే కోయాలి, 1,77,000 మీద కాదు. నాకు ఒక క్లయింటు ఆరు నెలలు మొత్తం మీద కోశాడు. ఒకసారి నంబరు తీసుకున్నాక బిల్లు లేని నెలలకీ రిటర్నులు తప్పవు, ఆలస్యమైతే రోజుకింతని రుసుము.

ఇంకో చిక్కు, అద్దె ఇంటి చిరునామా మీద తీసుకోవాలంటే ఓనరు సమ్మతి పత్రం, కరెంటు బిల్లు కావాలి. జీఎస్టీ అనే మాట వినగానే మన బెంగళూరు ఓనర్లు ఇల్లు రాసిమ్మన్నట్టు చూస్తారు. పీజీలో ఉంటే మరీ కష్టం.

మధ్యలో ఒక ప్రశ్న (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి)

అన్నా, దూరినందుకు ఏమనుకోవద్దు. మాది అనంతపురం పక్క. ఈడ పెయింటింగ్ పన్లు పట్టి చేపిస్తుంటా, కూలోళ్లు ఎనిమిది మంది. మొన్నటి ఏడు 40 లక్షల దాకా పనైంది. ఒక బిల్డర్ కంపెనీ కాడ 30 బ్యాంకులో వచ్చింది, ఒక శాతం కోసినారు. ఇండ్లోళ్ల కాడ 10 నగదు. పెయింటు, కూలి పోను నాకు మిగిలేది తక్కువ. జీఎస్టీ 40 లక్షల దాకా లేదంట కదా, నేను తీసుకోలేదు. నాకూ ఆ సగం లెక్కేనా?

జవాబు (మల్లేశ్వరం)

మీకు సగం కాదు, ఇంకా తక్కువ. మీది వృత్తి కాదు, వ్యాపారం, కాబట్టి 44ఏడీ. బ్యాంకులో వచ్చినదానికి 6 శాతం, నగదుకి 8 శాతం. 30 లక్షలకి 1,80,000, 10 లక్షలకి 80,000, కలిపి 2,60,000. దీనిమీద పన్ను పడదు. 194సి (కాంట్రాక్టు పన్లకి టీడీఎస్ సెక్షన్) కింద కోసిన ఆ ఒక శాతం 30,000 రిటర్ను వేస్తే వెనక్కొస్తుంది. వెయ్యకపోతే ప్రభుత్వానికి ఇచ్చేసినట్టే. ఒకటి గుర్తుంచుకోండి: 44ఏడీలోకి వచ్చాక అయిదేళ్ల లోపు మానేస్తే మళ్లీ అయిదేళ్లు రానివ్వరు. 44ఏడీఏకి ఆ కట్టడి లేదు.

జీఎస్టీలో మాత్రం మీరు పొరపడ్డారు. 40 లక్షలు సరుకులు అమ్మేవాళ్ల హద్దు. కూలి, పెయింటు కలిపి చేసే పని సేవ కిందికే వస్తుంది, మీ హద్దు 20 లక్షలు. దాటిన 30 రోజుల్లో నమోదు చేసుకోవాల్సింది. 2025 జూలైలో ఇక్కడ బేకరీలకి, టీ కొట్లకి యూపీఐ లెక్కలు చూసి నోటీసులిచ్చారు, గుర్తుందా? కొట్ల ముందు "యూపీఐ లేదు, నగదే" అని కాగితాలు అంటించారు. మీకు బిల్డర్ కోసిన టీడీఎస్సే సాక్ష్యంగా కూర్చుంది. ఈ వారమే ఎవరైనా సీఏని కలవండి. 50 లక్షల లోపు సేవలకి 6 శాతం కాంపోజిషన్ (తక్కువ రేటుతో జీఎస్టీ కట్టే తేలిక పద్ధతి) ఉంది, కానీ అది కస్టమర్ దగ్గర వసూలు చెయ్యకూడదు, బిల్డర్‌కి క్రెడిటూ రాదు. ఏది మేలో మీ బిల్డర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

జవాబు (వైట్‌ఫీల్డ్ నుంచి, అమెరికా క్లయింటుకి డిజైన్ పని)

మార్చి 15 భయం, అంటే ఏడాది ముగిసేలోపే కట్టాల్సిన అడ్వాన్సు టాక్స్, నాలాంటివాళ్లకి. నాకు టీడీఎస్ కోసేవాళ్లే లేరు. ఇక్కడ కూర్చుని చేసే పని కాబట్టి డబ్ల్యూ-8బెన్ ఫారం (అమెరికావాసిని కాదని రాసిచ్చేది) ఇస్తే అక్కడా కోయరు. ఏడాదికి 36 లక్షలు, సగం 18, పన్ను సెస్సుతో 1,66,400. మిగతావాళ్లు జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చిలో నాలుగు విడతలు కట్టాలి. 44ఏడీఏ వాళ్లం మార్చి 15 లోపల ఒక్కసారి కడితే చాలు. దాటితే వడ్డీ నెలకి ఒక శాతం. టీడీఎస్ పోను కట్టాల్సింది 10,000 దాటితేనే ఇది, మారతహళ్లి తమ్ముడికి రిఫండే కాబట్టి గోల లేదు.

విదేశీ డబ్బుకి జీఎస్టీ సున్నా, కానీ 20 లక్షలు దాటితే నమోదు తప్పదు. ఎల్‌యూటీ అనే పత్రం (జీఎస్టీ కట్టకుండానే విదేశాలకి సేవలు పంపుతానని రాసిచ్చే హామీ) ఏటా కొత్తగా పెట్టాలి. ఒక ఏప్రిల్‌లో మర్చిపోయి నేను పడ్డ తిప్పలు చెప్తే మీరంతా ఉద్యోగాలకి వెళ్లిపోతారు.

జవాబు (రాజాజీనగర్ నుంచి)

ఎవరూ చెప్పని సంగతి ఒకటి. రిఫండ్ వస్తుందని సంబరపడే ముందు 26ఏఎస్ (మన పాన్ మీద జమైన పన్నుల పట్టీ) తెరిచి చూడండి. రెండేళ్ల కింద ఒక చిన్న కంపెనీ నా బిల్లుల్లో పది శాతం కోసుకుంది, ప్రభుత్వానికి కట్టలేదు. రిటర్నులో క్లెయిమ్ చేస్తే డిమాండు నోటీసొచ్చింది. కోసినట్టు రుజువుంటే ఆ మేరకు మన దగ్గర మళ్లీ వసూలు చెయ్యకూడదని 205వ సెక్షన్ ఉంది. కానీ ఆ రుజువు పట్టుకుని తిరగడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. మూడు నెలలకోసారి ఫారం 16ఏ (టీడీఎస్ కోసి కట్టినట్టు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) అడిగి తీసుకోండి. ఆగస్టు, నవంబరు, ఫిబ్రవరి, జూన్ నెలల్లో 15వ తేదీ కల్లా ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాతి బిల్లు పంపే ముందే అడగండి, అప్పుడే వింటారు.

జవాబు (మల్లేశ్వరం)

ఇది నిజం. మిగిలినవి గబగబా చెప్పేస్తా. జీతం, 44ఏడీఏ మాత్రమే ఉంటే రిటర్ను ఫారం ఐటీఆర్-4. పాత కంపెనీ ఇచ్చిన విదేశీ షేర్లు ఉంటే ఐటీఆర్-3, ఆ షేర్లు తప్పక చూపించాలి. పాత పన్ను విధానం కావాలంటే గడువులోపల 10-ఐఈఏ ఫారం వెయ్యాలి. వ్యాపార, వృత్తి ఆదాయం ఉన్నవాళ్లు అటు వెళ్లి మళ్లీ కొత్తదానికి వస్తే ఇంకోసారి అటు పోలేరు, జీతగాళ్లలా ఏటా మార్చుకోవడం కుదరదు. కర్ణాటక వృత్తి పన్ను వేరే ఉంది, రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం ఏడాదికి 2,500 మించదు. 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి, దానిలో ఈ సెక్షన్ నంబర్లన్నీ వేరు. 2025-26 ఆదాయానికి మాత్రం పాత నంబర్లే.

మళ్లీ అడిగినవారు (మారతహళ్లి)

అందరికీ దండాలు. రాత్రి 26ఏఎస్ చూశాను. జూన్, సెప్టెంబరు క్వార్టర్లు 194జె కింద పడ్డాయి. డిసెంబరుది లేదు. సోమవారం అకౌంట్స్ వాళ్లకి మెయిల్ పెడతాను, రెన్యువల్‌లో ఆ షరతు తీసేయమని కూడా అడుగుతాను. ఓనరు సమ్మతి పత్రానికి రెండు వేలు అద్దె పెంచుతానన్నాడు, కాబట్టి జీఎస్టీ ఇప్పట్లో వద్దని కంపెనీకి చెప్పి చూస్తా.

నాన్నకి ఫోన్ చేసి ఇదంతా వివరించాను. అంతా విని, "మరి ఇన్నేళ్లలో నాకెవరూ కోయలేదేంట్రా?" అన్నాడు.

జవాబు (జయనగర్)

ఇల్లు కట్టించుకునేవాళ్లు ఆయన చేతిలో నోట్లు పెడతారు తమ్ముడూ, మామూలు ఇంటి యజమాని చిన్న పన్లకి టీడీఎస్ కోయక్కర్లేదు. డిసెంబరు క్వార్టర్ పడ్డాక ఇక్కడ చెప్పు, రిటర్ను ఎలా వెయ్యాలో చూద్దాం.