సమస్య: "కాలబిలము పేలి కాంతి నిచ్చె"

నిర్వాహకుడు, తిరుపతి: ఈ వారం ఆటవెలది, నాలుగో పాదం ఇచ్చాను. కాలబిలమంటే బ్లాక్ హోల్; వెలుగును కూడా వదలని బిలం వెలుగెట్లా ఇస్తుందనేది పైకి కనిపించే చిక్కు. అసలు చిక్కు ఆఖరి మాటలో దాచాను. కానివ్వండి.

పాకాల పంతులు:

ఆవి యగుచు దఱుగు హాకింగు చెప్పగా
చిక్కు కొలది వేడి చిచ్చు రేగు
తుదకు గుప్పెడంత తునుకయై మిగులుచు
కాలబిలము పేలి కాంతి నిచ్చె

1974లో భౌతిక శాస్త్రవేత్త హాకింగ్ చెప్పిందే. బిలం బరువు కోల్పోయేకొద్దీ వేడెక్కి, ఆఖరికి ఢామ్మంటుంది.

చంద్రగిరి టీచరమ్మ: 'చిక్కు కొలది' ముచ్చటగా ఉంది పంతులుగారూ. పేచీ మూడో పాదంతోనే. భూమి మొత్తాన్ని బిలంగా నొక్కితే వ్యాసార్ధం 9 మిల్లీమీటర్లే. మీ గుప్పెడంత తునుకలో నాలుగైదు భూములు పడతాయి! అంత బిలం దాదాపు సున్నా కెల్విన్ (అంతకంటే చల్లన లేదు) దగ్గర చల్లగా ఉంటుంది. విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ వేడి 2.7 కెల్విన్. కాబట్టి అది పేలకపోగా, ఆ వేడిని మింగి ఇంకా లావెక్కుతుంది.

పాకాల పంతులు: ఒప్పుకున్నాను తల్లీ. "తుదకు నణువు కన్న తుచ్ఛమై మిగులుచు" అని మార్చుకుంటా.

అలిపిరి కుర్రోడు:

ఇనుము గుండె కూలి యెగసెను పైపొర
చుక్క చచ్చు వేళ చూడ్కి చెదర
వెలుగు కన్న ముందె వెడలెను న్యూట్రినో
కాలబిలము పేలి కాంతి నిచ్చె

1987 ఫిబ్రవరి 23న మనకు అందిన సూపర్నోవా (పెద్ద చుక్క పేలుడు) కథే సార్. న్యూట్రినోలు (దేన్నైనా దాదాపు అడ్డులేకుండా దూసుకుపోయే సూక్ష్మ కణాలు) జపాన్‌లో కమియొకాండే అనే పరికరానికి చిక్కిన కొన్ని గంటలకు గానీ వెలుగు కనబడలేదు.

నిర్వాహకుడు: ధార బాగుంది నాయనా. కానీ పేలింది చుక్క. నీ మూడు పాదాలు ఒక కథ, నాలుగోది ఇంకో కథ. పైగా అక్కడ మిగిలింది న్యూట్రాన్ నక్షత్రమేనని (బిలం కాకుండా ఆగిపోయిన చుక్క గుండె) 2024లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు ఆధారం చూపింది. లేని బిలాన్ని పేల్చావు.

అలిపిరి కుర్రోడు: గుండె కూలాక పుట్టిన షాక్ తరంగం మధ్యలో ఆగిపోతే, న్యూట్రినోలే దాన్ని మళ్లీ బయటికి తోస్తాయంటారు కదా సార్. అదంతా పెట్టడానికి పాదంలో చోటు చాల్లేదు.

చంద్రగిరి టీచరమ్మ: చుక్కకూ అదే తిప్పలు!

కుప్పం క్వారీ: నాకు చుక్కల సంగతి తెలీదు. మా గ్రానైట్ గుట్టలో చూసింది రాసినా.

రాతి బొక్కలోన రంజకం దట్టించి
పనులు మాని జనులు పరుగులెత్త
మెల్ల మెల్లగాను మెలికల యా వత్తి
కాల, బిలము పేలి కాంతి నిచ్చె

నిర్వాహకుడు: అబ్బ, ఏం విరుపు! వత్తి కాల, బిలము పేలి. మేమంతా ఒకే మాటగా చదువుకుంటూ కూర్చున్నాం.

నేను దాచిన చిక్కు 'ఇచ్చె'. అది భూతకాలం. సూర్యుడంత బిలం ఆవిరి కావాలంటే ఒకటి పక్కన 67 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు. విశ్వం పుట్టినప్పటి చిట్టి బిలాలు ఉంటే ఇప్పుడు పేలుతుండాలి, ఒక్కటీ ఎవరి కంటా పడలేదు. చూడనిదాన్ని 'ఇచ్చె' అంటే ఎట్లా? కళ్లతో చూసి రాసింది ఈయనొక్కడే.

పాకాల పంతులు: మరి భౌతిక శాస్త్రవేత్తలు రొవెల్లి, హాగర్డ్ 2014లో చెప్పిన తెల్లబిలం? కూలిన సరుకు లోపల ఎగిరిపడి బయటికొస్తుందట. దానికి క్షణమే, బయట నుంచి చూసే మనకు కోట్లకు కోట్ల ఏళ్లు.

చంద్రగిరి టీచరమ్మ: అదీ ఊహే. 'ఇచ్చు' అని రాయండి, ఒప్పుకుంటా. గణం కూడా చెడదు.

నిర్వాహకుడు: కుప్పం అన్నా, ఒక్క సందేహం. క్వారీలో రంజకం అంటారా?

కుప్పం క్వారీ: యాడ సార్, మందు అంటాం. యతికి 'ర' కావల్సొచ్చింది.